అంగడిలో గొర్రెపిల్ల

నా గొంతు బాగుంటుందని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. తెలుగు ఎంత సాఫీగా మాట్లాడతానో కన్నడమూ అంతే సాఫీగా మాట్లాడతాను. కర్ణాటక సరిహద్దులోని మా పరిగి వైపు ఇదేమంత గొప్ప కాదు, కానీ బెంగళూరులోని ఒక కంపెనీకి సరిగ్గా అదే కావాలట. ఇంట్లోనే కూర్చుని ఫోన్లో రెండు భాషల్లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం. డిగ్రీ అయిన రెండేళ్ల నుంచి నేను వెతుకుతున్నది ఇలాంటిదే.

మొదటి పరీక్షలోనే తప్పాను. తప్పింది నేను కాదు, మా దొడ్డి. మా నాయన పోతులయ్య పొద్దున్నే గొర్రెలను మేపుకు తోలుకుపోతాడు. అంత దూరం నడవలేని గొర్రెపిల్లలు మాత్రం ఇంటి పక్క దొడ్డిలోనే ఉంటాయి. తల్లులు తిరిగొచ్చేదాకా ఇరవై పిల్లలూ ఒకటే అరుపు. ఫోన్లో పరీక్ష పెట్టిన కంపెనీ మేడం ఐదు నిమిషాలు ఓపిక పట్టి, "పవిత్రా, మీరు సంతలో ఉన్నారా?" అని అడిగింది. సోమవారం పదకొండింటికి ఇంకొక్క అవకాశం ఇస్తానంది. అదీ పోతే మా చిన్నాన్న చెప్పినట్టు గార్మెంట్స్ ఫ్యాక్టరీ బస్సు ఎక్కాల్సిందే. ఆ పని తక్కువదని కాదు. నాకది వద్దు, అంతే.

శనివారం నేనూ మా అమ్మ నరసక్కా హిందూపురం వెళ్లాం. నా దగ్గర వెయ్యి రూపాయలున్నాయి. ఏం కొనాలో నాకు ముందే తెలుసు. మూడు రోజులు వీడియోలు చూశాను మరి.

బస్టాండు దగ్గరి అంగడిలో కిషోర్ అనే అతను నల్లటి డబ్బీ తెరిచి ఇయర్‌బడ్స్ చూపించాడు. "బయట శబ్దం ఆగిపోతాది, పెట్టుకొని చూడమ్మా." పెట్టుకున్నాను. నిజమే, ఎదురుగా హారన్ కొడుతున్న పెనుకొండ బస్సు మూగబోయింది. పాట పెడితే గుండెల్లో డప్పు మోగింది. ధర తొమ్మిది వందల తొంభై.

"ఇవే తీసుకుంటా," అన్నాను.

అమ్మ నా చెవిలోంచి ఒకటి పీకి అరచేతిలో వేసుకుంది. "ఏమప్పా, ఇది ఎవురికి శబ్దం ఆపుతాది?"

"పెట్టుకున్నోళ్లకక్కా."

"మా పాపకు పిల్లల అరుపు పుట్టినప్పట్నుంచి అలవాటే. ఆపాల్సింది ఆ బెంగళూరామెకు గదా? ఆయమ్మకు ఏమి ఇనపడతాదో ఎట్ల చూసేది?"

కిషోర్ నవ్వాడు. "మైకు కూడా మంచిదేనక్కా. డబ్బీ మీద రాసిండారు చూడు."

"సంతలో గొర్రె గురించి కూడా శానా చెప్తారప్పా. నేను బొచ్చు చూసి కొనను. వీపు ఒత్తి చూస్తా, నోరు తెరిచి పళ్లు చూస్తా."

నాకు తల కొట్టేసినట్టయింది. మూడు రోజులు వీడియోలు చూసిన దాన్ని, ఈ ముక్క నాకెందుకు తోచలేదు?

పరీక్ష ఎలా జరగాలో అమ్మే చెప్పింది. కిషోర్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని తన ఫోన్ నుంచి నాకు ఫోన్ చేయాలి. అతని పక్కన గొర్రెపిల్ల అరుస్తుండాలి. నేను వీధి చివర మందుల షాపు దగ్గర నిలబడి వినాలి.

"ఈడ గొర్రెపిల్లను యాడ తెస్తావు మా?" అన్నాను.

"నేను లేనా?" అంది.

మందుల షాపు దగ్గర ఫోన్ ఎత్తాను. కిషోర్ గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. అంతలో "బ్యా... బ్యా..." అని మొదలైంది. తల్లి కనపడని వారం రోజుల పిల్ల ఎలా అరుస్తుందో అచ్చం అలాగే. మందలో తల్లిగొర్రె దూరంగా పోతే మా అమ్మ ఇలాగే పిలుస్తుంది. గుట్ట అవతలున్న గొర్రె కూడా తిరిగి చూస్తుంది. ఇప్పుడు వీధిలో జనం తిరిగి చూశారు. ఎవరో సెల్‌ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఫోన్ చెవి నుంచి తీయలేదు. కిషోర్ మాటలు సగం ఆ అరుపులో కలిసిపోయాయి.

తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాను. "పైన పటారం, లోన లొటారం," అని అమ్మ డబ్బీ మూసేసింది. కిషోర్ తీసిన రెండో రకమూ అంతే.

అప్పటికి అంగడి ముందు పదిమంది చేరారు. కిషోర్‌కు పౌరుషం వచ్చింది. స్టూలెక్కి పై అరలోంచి దుమ్ము పట్టిన పెట్టె దించాడు. వైరున్న హెడ్‌ఫోన్. చెంప పక్కనుంచి నోటి దాకా సన్నటి కొమ్మ, దాని చివర మైకు. "కరోనాలో ఆన్‌లైన్ క్లాసులకని తెప్పించింటిని. ఇప్పుడు ఎవురూ అడగరు. ఆరు వందలకు ఇస్తా." ఎద్దు మూతికి కట్టే చిక్కంలా ఉంది. నాకు బొత్తిగా నచ్చలేదు.

మళ్లీ మందుల షాపు దగ్గరికి నడిచాను. కిషోర్ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. పక్కనే కూర్చుని చెప్పినట్టుంది.

"మా అమ్మను అరవమను," అన్నాను.

"అరుస్తానే ఉండాదమ్మా, నా చెవులు తూట్లు పడతాండాయి!"

చెవి రిక్కించి వింటే ఎక్కడో పక్క ఊళ్లో ఒక పిల్ల అరిచినట్టుంది. నా సిగ్గంతా ఎగిరిపోయింది. వీధి మధ్యలో నిలబడి గట్టిగా నవ్వాను.

అంతటితో అమ్మ వదల్లేదు. రోజంతా పెట్టుకునేది కదా, చెవులు నొక్కుతుందేమో చూడమని అరగంట నా తల మీదే ఉంచింది. వైరు రెండు కొసలా తనే లాగి చూసింది. ఆరు నెలల వారంటీ అని బిల్లు మీద రాయించాకే లేచింది.

సోమవారం పొద్దున గొర్రెలు తోలుకుపోతూ నాయన, "ఈ ఒక్క దినం పిల్లల్ని పక్కింటి దొడ్లో కట్టేద్దామా?" అన్నాడు.

"వద్దు," అంది అమ్మ. "ఈ దినం కట్టేస్తే రేపో? పాప దినామూ ఫోన్లో మాట్లాడాల గదా."

నాదీ అదే మాట. కిటికీ కూడా మూయలేదు.

మేడం కన్నడంలో పావుగంట, తెలుగులో పావుగంట మాట్లాడించింది. దొడ్డిలో ఇరవై పిల్లలూ గొంతు చించుకుంటూనే ఉన్నాయి. చివరికి మేడం, "ఒకటో తేదీ నుంచి చేరండి," అంది. ఆ తర్వాత, "ఇంత నిశ్శబ్దంగా ఉంది, ఏదైనా ఆఫీసులో కూర్చున్నారా?" అని అడిగింది.

"లేదు మేడం. అదే ఇల్లు, అవే గొర్రెపిల్లలు."

ఆమె నమ్మలేదు. నేను హెడ్‌ఫోన్ తీసి మైకును కిటికీ బయటికి పట్టాను. దొడ్డి దగ్గర నిలబడిన అమ్మ నా ముఖంలోకి చూసింది. ఉద్యోగం వచ్చిందన్నట్టు తల ఊపాను.

ఆ రోజు మేడంకు ఇరవై ఒక్క గొర్రెపిల్లల అరుపు వినిపించింది.