గడప దాటిన బల్ల

కంకిపాడు అవతల ఆ ఊరి చర్చిలో ప్రతి శనివారం సాయంత్రం జరిగే పనులు మూడే. చాపలు దులపడం, కిటికీలు తుడవడం, బల్లను వెనక్కి జరపడం. ప్రభువు భోజనం వడ్డించే ఆ టేకు బల్ల వారం తిరిగేసరికి జానెడో బెత్తెడో గుమ్మం వైపు నడిచేది. నలుగురు మగవాళ్ళు దాన్ని ఎత్తి మళ్ళీ వేదిక ముందు పెట్టేవారు. పదకొండేళ్ళుగా ఇదే వరస.

ఆ పదకొండేళ్ళూ అమలమ్మ చర్చి మెట్ల మీదే కూర్చుంది. కూతురు డయానా కాశింని చేసుకుంటే, నిఖాకి వెళ్ళి బిరియానీ తిని వచ్చిందని కమిటీ ఆమెను బల్లకు దూరం పెట్టింది. పాట వినొచ్చు, ప్రసంగం వినొచ్చు. రొట్టె, ద్రాక్షరసం మాత్రం లేవు.

పాత పాస్టరు రిటైరయ్యాక, కొత్తాయన వచ్చేదాకా ఆరు నెలలకని సొలొమోనును పంపారు. మొదటిరోజే సంఘ కార్యదర్శి ఏసోబు చెప్పేశాడు. "మీరు తాత్కాలికం అయ్యగారూ. అద్దెకొచ్చినవాళ్ళు గోడకి మేకులు కొట్టరు గదా!"

సొలొమోను నవ్వాడు. ఆరు నెలలూ తనూ ఓ చెయ్యేసి బల్లను వెనక్కి జరిపాడు. తల్చుకుంటే ఇప్పుడు ఆ చేతుల మీదే ఆయనకు మంట.

ఆయన చివరి ఆదివారానికి ముందురోజు అమలమ్మ ఆపింది. "బుధవారం బెజవాడలో గుండె ఆపరేషనండీ. తిరిగొస్తానో రానో. ఒక్కసారి బల్లలో నా పాలు, ఆ రొట్టె ముక్క, ఇప్పించండి."

సొలొమోను తిన్నగా ఏసోబు ఇంటికెళ్ళాడు.

"వచ్చేవారం కొత్త అయ్యగారు చూసుకుంటార్లెండి."

"ఆవిడ గుండె అందాకా ఆగాలిగా!"

"నియమం నియమమేనండీ."

"నీ కొడుకు పెళ్ళికి బిరియానీ వండింది ఆ కాశిం నాన్నే గదయ్యా! ఊరంతా తిన్నాం."

"అది వేరండీ. మనం పిలిపించి వండించుకున్నది."

ఆ సాయంత్రం ఏసోబు బల్లను, గేదెను కట్టేసినట్టు, కిటికీ ఊచకు తాడేసి కట్టించాడు.

ఆదివారం రెండో పాట నడుస్తుండగా తాడు పుటుక్కున తెగింది. బల్ల ఆడవాళ్ళ చాపలకీ మగవాళ్ళ చాపలకీ మధ్యగా బయల్దేరింది. జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చి, పాట సాగించారు. తలుపు ఒక రెక్క మూసి ఉండడంతో బల్ల గుమ్మంలో ఇరుక్కుంది.

"పట్టండ్రా, వెనక్కి జరపండి!" అన్నాడు ఏసోబు. నలుగురు లేచారు.

"కూర్చోండి!"

ఆరు నెలల్లో సొలొమోను గొంతు అంత లేవడం అదే మొదలు. వెళ్ళి వంగి రెండో రెక్క గడియ లాగాడు. బల్ల గడప దాటి, వరండా దాటి, మెట్ల పైన అమలమ్మ పక్కన ఆగింది.

"బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు రండి," అన్నాడాయన.

ఒక్కొక్కరే లేచి బయటికొచ్చారు. ఏసోబు కదల్లేదు. "నేను లోపలే ఉంటాను."

"ఉండండి. బల్ల మాత్రం బయటుంది."

మొదటి రొట్టె ముక్క అమలమ్మ చేతిలో పెట్టాడు. చిటికెనవేలి గోరంత ఉంది. ఆమె నోట్లో వేసుకుని, నమిలి, మింగి, చుట్టూ నిలబడ్డ అందరి మొహాలూ చూసింది.

"ఇంతేనా?" అంది. "ఇంత ముక్క పెట్టడానికా, నన్ను పదకొండేళ్ళు ఎండలో కూర్చోబెట్టారు?"