బల్ల దగ్గరి మర్యాద

"ఇంటికే జీడిపప్పు తెచ్చుకుని పొట్టు తియ్యొచ్చు కదే. ఇంటి పనీ అవుద్ది, కూలీ వత్తాది," అన్నాడు ధనుంజయ, భార్య దమయంతి అన్నం వడ్డిస్తుండగా. ఫ్యాక్టరీ యజమాని ఒప్పుకున్నాడట, రేపే సంచులు పంపుతాడట. అందరితోనూ మాట్లాడేసుకున్నాడు, ఆమెతో తప్ప.

పలాసలో తను పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీలో బల్ల ముందు కూర్చుంటే దమయంతి వేళ్లు వాటంతటవే పొట్టు ఒలుస్తాయి, మనసు తన దారిన తను పోతుంది. అయిపోయిన నిన్న ఇప్పుడెక్కడ ఉంటుంది? ఆలోచన నేను పిలిస్తే వచ్చిందా, వచ్చాక నాదనుకున్నానా? ఇంట్లో ఇలాంటివి సగం కూడా సాగవు. "ఏటలా గోడకేసి సూత్తన్నావు, పనేటీ నేదా?" అని అత్తగారు, "సొక్కా ఏదే?" అని ఆయన. ఇంట్లో ఆమె పొద్దంతా ముక్కలే, ఎవరికి కావలసిన ముక్క వాళ్లు పట్టుకుపోతారు. బల్ల దగ్గర మాత్రం ఆలోచన తెగకుండా సాగుతుంది, పూటంతా ఇట్టే అయిపోతుంది. ఈ సంగతి చెబితే టెక్కలిలో డిగ్రీ చదివే కూతురు సంధ్య నవ్వుతుందేమో అనుకుంటూనే చెప్పింది. "అలవాటైన పని సేతులు సేత్తంటే బుర్ర లోలోపల తెగ తిరుగుద్దమ్మా, మా పాఠంలో ఉంది. గడియారం టైము వేరు, మనసు టైము వేరు," అంది ఆ పిల్ల. నవ్వకుండా వినే కూతురు ఎంతమందికి ఉంటుంది!

అయినా దమయంతి మనసులో దణ్ణం పెట్టుకునేది నీలమ్మకే. బల్లకంతటికీ పెద్దదైన నీలమ్మ అక్కడో మర్యాద పెట్టింది. ఎవరైనా ఆలోచనలో పడితే పిలవకూడదు. "అది ఊరెల్లింది, ఒగ్గీండి," అని పక్కవాళ్లు గొంతు తగ్గిస్తారు, ఆమె ట్రే ఖాళీ అయితే తామే నింపుతారు. తిరిగొచ్చాక ఎక్కడికెళ్లావని అడగరు. మొదటిసారి అలా నిండి ఉన్న ట్రే చూసి దమయంతికి కళ్లనీళ్లు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక తన ఆలోచనకు ఎవరైనా కాపలా కాయడం అదే మొదలు.

మర్నాడు మొగుడి మాట చెబితే నీలమ్మ ట్రే నింపి ముందుకు జరిపి, "ఆలోసించుకో, తల్లీ," అంది.

దమయంతి పొద్దుగూకేదాకా ఆలోచించింది. ఇంటికొచ్చేసరికి అరుగు మీద పప్పు సంచులు దిగి ఉన్నాయి. చెప్పులైనా విడవకుండా అంది:

"ఇవి తిప్పి పంపీ మావా. నాను ఫ్యాక్టరీకే ఎల్తాను."

"ఏటుందే అక్కడ?" కసిరాడు ధనుంజయ.

"నానున్నాను."