ఇన్ని కొట్ల మధ్య ఇంకో కొట్టు

ఆ చిన్న ఊళ్లో ఆమెను అందరూ స్పానరమ్మ అనేవారు. కుట్టు మిషన్లు బాగుచేయడం ఆమె పని. కాని ఊళ్లోని మిషన్లన్నీ చెడినా ఆమె పొట్ట నిండదు. అందుకని తాళాలు, ఫ్యాన్లు, చివరికి పిల్లల సైకిళ్లు కూడా చూసేది. మనసు మాత్రం కాజా మిషన్ మీద ఉండేది. చొక్కా గుండీ పట్టే కన్నం చుట్టూ దారం అల్లి, చివర చిన్న కత్తి దించే మిషన్ అది. అమావాస్యకో పున్నానికో ఒకటి వచ్చేది. వచ్చిన పూట ఆమెకు అన్నం గుర్తుండేది కాదు.

భర్త లిఫ్టు మెకానిక్కు. ఆ ఊళ్లో లిఫ్టున్న మేడ ఒక్కటే. అది చెడకపోతే పని లేదు, చెడితే తిట్లు. మహానగరంలో కొలువు దొరకగానే ఇద్దరూ మూటాముల్లె సర్దుకుని ఆడబిడ్డ ఉన్న వాడకు చేరారు.

చొక్కాల కార్ఖానాలో పనిచేసే ఆడబిడ్డ, మిషన్ల వీధిలో కొట్టు పెట్టమని పోరి ఆమెను అక్కడికి తీసుకెళ్లింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా అన్నీ మిషన్ల కొట్లే. స్పానరమ్మ వెనక్కి తిరగబోయింది.

"ఇక్కడ పెడితే ఈగలు తోలుకోవాలి వదినా. ఎవరూ లేనిచోట చూసుకుంటాను."

"ఎవరూ లేనిచోటికి బేరం మాత్రం ఎందుకొస్తుందే?"

అంతలో చొక్కాల వ్యాపారి ఒకాయన ఆటోలోంచి కాజా మిషన్ దింపాడు. మూల కొట్టు పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. తనకు తెలిసింది మోటార్లేననీ, కాజాలు చూసే మనిషి పని మానేశాక వాటిని పొరుగు నగరానికి పంపుతున్నామనీ చెప్పాడు. స్పానరమ్మ కాళ్లు వాటంతటవే ముందుకు నడిచాయి.

"బాబాయ్, ఒకసారి విప్పి చూడనా?"

పెద్దాయన ఆమెను ఎగాదిగా చూసి స్క్రూడ్రైవర్ అందించాడు. మెట్ల మీదే కూర్చుని విప్పింది. సూదిని అటూ ఇటూ నడిపే చక్రం అంచు అరిగిపోయింది. తమ ఊళ్లో అయితే ఈ ముక్క కోసం నెలల తరబడి కూర్చోవాలని ఆమె అంటే, పెద్దాయన నవ్వి వెనక సందులోకి పొమ్మన్నాడు.

అక్కడ ఇనుము చెక్కే లేతు పనివాడు పాత చక్రం చూసి కొత్తది చేసిచ్చాడు. దాన్ని కాల్చి గట్టిపరిచేవాడు ఆ పక్కనే. గోడకవతల ఒక ముసలావిడ స్ప్రింగులు తప్ప మరేదీ చేయదట. స్పానరమ్మ నోరు వెళ్లబెట్టింది. స్ప్రింగులతోనే బతుకు గడుస్తుందా? ఇంత పెద్ద ఊళ్లో ఎందుకు గడవదు! ఒక కొట్లోంచి ఇంకో కొట్లోకి పరుగే పరుగు, వెనకాల రొప్పుతూ ఆడబిడ్డ.

పొద్దు వాలకముందే మిషన్ బాగైంది. గుడ్డముక్క వెతికే ఓపిక లేక, ఆడబిడ్డ చేతిరుమాలు లాక్కుని సూది కింద పెట్టింది. టకటకా దారం అల్లుకుంది, కత్తి దిగింది. చక్కటి కాజా.

"ఇక దానికో గుండీ కూడా కుట్టించు తల్లీ" అంది ఆడబిడ్డ. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు.

స్పానరమ్మ స్క్రూడ్రైవర్ తిరిగి ఇచ్చేసింది. తాను ఇక్కడ కొట్టు పెడితే ఆయన బేరం పోదా అని పెద్దాయన్ని అడిగింది.

"ఒక్క కొట్టుంటే దారిన పోయేవాడు ఆగుతాడమ్మాయ్. ఇన్ని ఉంటే ఊరూరి నుంచీ వెతుక్కుంటూ వస్తారు. కాజాలకు మనిషి లేక పొరుగు నగరానికి పోయిన బేరం మాది కాదూ?"

ఎదురు కొట్టతను ముఖం ముడుచుకున్నాడు గాని, పెద్దాయన మాత్రం తన మెట్ల కింది గది అద్దెకిస్తానన్నాడు. అద్దె వింటే కళ్లు తిరిగాయి. అయినా సరేనంది.

ఆ సాయంత్రం భర్త, తాను చూసిన మేడలో లిఫ్టులు వరసగా ఎలా నిలబడ్డాయో చెబుతుంటే, ఆమె స్ప్రింగుల ముసలావిడ గురించి చెప్పింది. ఒకరి మాట ఒకరు వినలేదు. కంచాల్లో అన్నం చల్లారిపోయింది.

ఏడాది తిరక్కుండానే అదే వీధిలో ఇంకో కాజాల మెకానిక్కు కొట్టు తెరిచాడు. భర్త కంగారుపడ్డాడు. స్పానరమ్మ మాత్రం అతడి షట్టర్ పూర్తిగా లేవకముందే గడపలో నిలబడింది. సూటు కోట్లకు వేసే, తాళంచెవి కన్నంలాంటి కాజాల మిషన్ అతడి దగ్గర ఉందని విన్నది. అలాంటిది ఆమె జన్మలో విప్పలేదు.

"అన్నా, దాన్ని విప్పేటప్పుడు నన్ను పిలుస్తారా?"

అతడు కూర్చోమని స్టూలు ముందుకు జరిపాడు.