తీగకు కట్టిన స్పానర్

సైన్యం వాళ్లు వాడి వదిలేసిన డీజిల్ జనరేటర్‌ను మా ఆయన వేలంలో కొని, మేము కోడిగుడ్లు పొదిగించే షెడ్డు పక్కన దించాడు. దాని ఫిల్టర్ పక్కన ఓ చిన్న స్పానర్ తీగతో కట్టి ఉంది.

"ఇదేంటే, పారిపోతుందని కట్టేశారా? కోసేస్తా."

"దాని మానాన దాన్ని ఉండనివ్వండి. మీలాగా నోరు చేసుకోవట్లేదుగా."

కొన్నాళ్లకు ఓ ఉదయం ఆయన ఫిల్టర్ మార్చాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. లోపల గుడ్లు అప్పుడే చిట్లుతున్నాయి. వేడి తగ్గితే పిల్లలు పెంకుల్లోనే పోతాయి. ఇంజను ఎంత తిప్పినా అంటుకోలేదు.

"పొద్దున ఫిల్టర్ మార్చినప్పుడు డీజిల్ గొట్టంలో గాలి చేరిందే. స్పానర్ల పెట్టె ఏదీ?"

"ఇందాకేగా మీ తమ్ముడికిచ్చి పంపారు."

నేను తీగకు వేలాడుతున్నదాన్ని చూపించాను. ఫిల్టర్ మీద గాలి తీసే మరకు అది అతికినట్టు సరిపోయింది. మర వదులు చేసి చేతిపంపు కొడితే ముందు నురగ, తర్వాత ఒట్టి డీజిల్ వచ్చింది. బిగించి తిప్పగానే ఇంజను దడదడలాడింది.

సాయంత్రానికి షెడ్డంతా కిచకిచలే. ఆయన స్పానర్ తుడిచి, కొత్త తీగతో మళ్లీ అక్కడే కట్టాడు.

"కోసేస్తానన్నారుగా?"

"ఎవడు కట్టాడో గానీ, వాడి కడుపు చల్లగుండ. మన తర్వాత ఇది ఎవరి చేతికి పోతుందో, వాళ్లకీ ఉండాలిగా."