పదకొండో గుర్తు

జిగురు గిన్నె అడుగు గీకుతూ వడ్రంగి గ్లైడరు వంక చూశాడు. కాలేజీ వర్క్‌షాపు కిటికీలోంచి ఎండ పడి, కుడి రెక్కలోని పలచటి చెక్క ఈనెలు తేనెరంగులో మెరుస్తున్నాయి. ఎడమ రెక్కకు విద్యార్థులు అప్పుడే గుడ్డ బిగించేశారు. ముప్పయ్యేళ్ళుగా అతను చేసినవన్నీ బెంచీలు, స్టూళ్ళు. ఇవాళ తన చేతిపని ఎగురుతుందని పొద్దున భార్య మంచి చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

"ఎగిరేది మీరు కాదుగా, గుండీ తప్పింది చూసుకోండి" అని నవ్వింది కూడా.

అంతలో అతని చెయ్యి ఆగిపోయింది. ఈనెల మీద గుర్తులు లేవు.

నిన్న సాయంత్రం పట్టు వదిలిన పదకొండు అతుకులు మళ్ళీ వేశాడు. ఆరని అతుకు పక్కన పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి, ఆరాక తుడిచేయడం అతని పద్ధతి.

"గుర్తులేవి బాబూ?"

"ఫొటోలో బాగోవని నిన్న నేనే తుడిచాను బాబాయ్" అన్నాడు నడపబోయే కుర్రాడు, రుమాలు చూపిస్తూ. బక్కగా ఉంటాడని అందరూ వాణ్ణి ఈక అంటారు.

వడ్రంగి కుడి రెక్కంతా బొటనవేలితో నొక్కి చూశాడు. మళ్ళీ వేసిన అతుకులు పది దొరికాయి, పదీ రాయిలా ఉన్నాయి.

"ఇంకోటి ఎడమవైపు ఉండాలి. గుడ్డ కోసి చూద్దాం."

"కోస్తే ఎగరడం రేపటికి పోతుంది. రేపు ఈ గాలి ఉంటుందా?" అన్నాడు జట్టు పెద్ద. "మీ బెంచీలకి ఇన్ని పరీక్షలు పెట్టలేదు కదా బాబాయ్, మమ్మల్నే కూర్చోబెట్టి చూశారు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఎదుటివాడు గట్టిగా మాట్లాడితే తను తగ్గడం ఏనాటి అలవాటో.

"పదేనేమోలే" అన్నాడు.

"దిగాక మీకూ గాల్లో ఓ చక్కరు" అంటూ ఈక రుమాలు బల్లమీద పడేసి, కుడి రెక్కకు బిగించాల్సిన గుడ్డ అందుకున్నాడు.

సాయంత్రం కొండవాలు మీద ఎనిమిదిమంది రబ్బరు తాడు లాగి వదిలారు. గ్లైడరు లేచింది. అంత అందమైనది తన చేతుల్లోంచి వచ్చిందంటే నమ్మలేక, వడ్రంగి చొక్కా గుండీ పట్టుకుని నిలబడిపోయాడు. ఎడమ రెక్క పుస్తకం మూసినట్టు మెల్లగా మడతపడింది.

అతను చేరేసరికి ఈకను లేపడానికి ఎవరూ ప్రయత్నించడం లేదు. చిరిగిన గుడ్డ కింద ఊడిన అతుకు కనిపించింది. వేలు పెట్టాడు. జిగురు వేలికి అంటుకుంది.

"పదకొండు" అన్నాడు. ఎవరూ వినలేదు.

చీకటి పడుతుండగా వర్క్‌షాపుకు తాళం వేయడానికి వచ్చాడు. బల్లమీద రుమాలు అలాగే ఉంది, నలిగి, మధ్యలో పెన్సిలు నలుపుతో.