లవోన్ తోసిపుచ్చిన నిమ్మబిళ్ళలు

ఇలా దగ్గరికి జరగండి, ఆ కుర్చీ కూడా ఇటు లాక్కోండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది.

పెన్సిల్వేనియాలో మా ఊరి గడ్డిమైదానంలో, ప్రతి జూన్‌లోనూ నీలం కోట్లవాళ్ళూ బూడిదరంగు కోట్లవాళ్ళూ గుడారాలు వేసి, నూట అరవై ఏళ్ళనాటి అంతర్యుద్ధాన్ని వేషాలు కట్టి మళ్ళీ ఆడతారు. చొక్కా గుండీ మొదలు చప్పరించే బిళ్ళ దాకా అన్నీ ఆ కాలానివే ఉండాలి. మిఠాయి అంగళ్ళను పరీక్షించే పెద్దరికం లవోన్‌ది. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఏళ్ళ తరబడి చేదాకు కషాయంతో దగ్గుబిళ్ళలు కాచి అక్కడే అమ్ముతోంది. ఆవిడ నోట్లో వేసుకుని తల ఊపితే అంగడి ఉన్నట్టు, ఊపకపోతే గుడారం ఎత్తేయాల్సిందే.

ఆ ఏడు వానలు వదల్లేదు. గాలిలో చెమ్మకు లవోన్ పాకం మూడుసార్లు పలుకు కట్టి మసకబారింది. నాలుగోసారి ఆవిడ మొక్కజొన్న పాకం సీసా తీసి సగం గిన్నెలోకి వంపేసింది. ఆ సీసాలు అంగళ్ళలోకి వచ్చిందే ఆ యుద్ధం ముగిసిన ఎన్నో ఏళ్ళకు. బిళ్ళలు అద్దంలా వచ్చాయి. పొట్లాల మీద మాత్రం ఎప్పటిలాగే "పంచదార, నీళ్ళు, చేదాకు, అంతే" అని రాసింది.

మర్నాడు మార్నీ అని ఒకామె, ఆ ఏడే కొత్తగా వచ్చింది, నిమ్మబిళ్ళలు పరిచింది. అవీ తేటగా మెరుస్తున్నాయి.

"మొక్కజొన్న పాకం పోశావు కదమ్మాయ్," అంది లవోన్.

"లేదండీ."

"ఈ వానల్లో అది లేకుండా ఇంత నున్నగా వస్తాయా? నువ్వు బడికెళ్ళే రోజుల నుంచీ గరిట తిప్పుతున్నాను, నాకు చెప్పకు."

"మాకిచ్చెయ్యి తల్లీ, బూట్లు మెరవడానికి రుద్దుకుంటాం," అన్నాడొక సైనికుడు. చుట్టూ నవ్వారు. మార్నీ గుడారం మేకులు పీకసాగింది.

శిబిరం పెద్ద, కెప్టెన్ డ్వైట్, ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. "నిమ్మరసం ఎప్పుడు పిండావమ్మా?"

"పాకం ఉడుకుతుండగానే, పలుకు కట్టకుండా. అప్పటివాళ్ళూ అంతేగా," అంది ఆమె తలెత్తకుండా.

ఆ కిటుకు లవోన్‌కూ తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, తన గిన్నెలో పోసిందే ఎదుటివాళ్ళ గిన్నెలోనూ కనిపించింది.

"పోన్లే లవోన్, పొరపడ్డావు, ఎవరైనా పడతారు," అన్నాడు డ్వైట్ మెల్లిగా. "నీవీ భలే వచ్చాయి ఈసారి. నిమ్మరసమేనా?"

ఔనంటే అక్కడితో పోయేది. అనడానికి నోరు కూడా తెరిచింది.

"కాదు. సీసా పాకం," అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆవిడకు. తలవంచుకుని వెళ్ళి తన గుడారం తాళ్ళు విప్పసాగింది. ముడి ఎంతకీ ఊడలేదు. మార్నీ వచ్చి రెండో కొస పట్టుకుంది. ఆ సాయానికే లవోన్‌కు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇది గుర్తుంచుకోండి, మీవాళ్ళకు చెప్పండి. చెప్పేటప్పుడు పేరు మాత్రం దాచకండి. దాచొద్దని నాకు లవోనే చెప్పింది.