కుంకుడు నురగ

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కడగాలని కుళ్ళాయప్ప తెల్లారగానే పని మొదలుపెట్టాడు. ట్రాలీ ఆటో సీటు ఎత్తి, బ్యాటరీ వైరు విప్పి పక్కకు పెట్టాడు. కిరసనాయిలుతో రుద్దితే బాగా మెరుస్తుందని వీధిలో కొందరంటారు గానీ, నిప్పురవ్వ పడితే ఇంజన్‌తో పాటు ఇల్లూ మెరుస్తుంది. అతనిది పట్టుచీరలకు వాడే కుంకుడు నురగ, అరిగిపోయిన పళ్ల బ్రష్షు, మెత్తటి గుడ్డ.

పదకొండేళ్లుగా ధర్మవరం మగ్గాల నుంచి చీరల మూటలు దుకాణాలకు మోసిన బండి అది. ఆ మధ్యాహ్నమే అమ్ముడుపోతోంది. రెండు నెలలుగా నల్లపొగ కక్కుతూ, చిన్న మిట్ట కూడా ఎక్కలేక మూలుగుతోంది. ఇంజన్ పనైపోయిందని తేల్చినవాడు తమ్ముడు దేవేంద్ర. పాత ఇనుము ధరకు కొనే పాపన్నను వెతికి తెచ్చిందీ అతనే. బండి పోతే కుళ్ళాయప్ప మళ్లీ కూలికి నేస్తూ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకోవాల్సిందే.

“ఇన్నేండ్లు సాకితే నాకే ద్రోహం చేస్తివి కదే,” అని ఇంజన్‌ను తిడుతూనే తోముతున్నాడు. తిట్టినా సరే, కడగని ముఖంతో బండిని గడప దాటించడం ఆ ఇంట్లో లేదు.

నిజానికి దేవేంద్ర వద్దనే అన్నాడు. “ట్యాంకరు పదిదినాలకొకసారి వస్తాంది. ఇంజనుకు నీళ్లు పోస్తే పాపమన్నా,” అని రెండు నెలలుగా అడ్డుపడుతున్నాడు. నాయన పోయాక తాను పెంచిన తమ్ముడికి ఇంత బాధ్యత తెలిసొచ్చిందని కుళ్ళాయప్ప పొంగిపోయాడు కూడా. ఆ పొద్దు మాత్రం తల్లి ఆంజినమ్మ తన స్నానం మానుకుని అర బకెట్ నీళ్లు తెచ్చి పెట్టింది.

నీళ్లు లోపలికి పోకుండా గాలి పీల్చే గొట్టానికి పాల కవరు కడదామని మూతి విప్పితే, లోపల గుడ్డ కుక్కి ఉంది. ఎలుక పని అనుకుని లాగి పడేశాడు. కవరు కట్టి, నురగతో తోమి, తడిబట్టతో తుడిచి, ఆపైన పొడిబట్ట అందుకున్నాడు.

అద్దంలా తుడిస్తే ఇంజన్ తాను చూసింది చూపిస్తుంది. అది ఆ వీధిలో అందరికీ తెలిసిందే. ఎదురింటి జ్యోతిలక్ష్మికి పోయిన చెవికమ్మ దొరికింది స్కూటర్ ఇంజన్‌లో చూసే. పక్కింటి బయ్యన్న తన గొడుగు ఎక్కడ మరిచాడో అలాగే కనుక్కున్నాడు. వానే లేని ఊళ్లో అతనికి గొడుగెందుకో మాత్రం ఏ ఇంజనూ చెప్పలేదు.

కుళ్ళాయప్ప చేతికింద ఇంజన్ మూత మెరిసింది. అందులో ముందు చీరల మూటలు కదిలాయి, తర్వాత ఈ వాకిలే కనిపించింది. దేవేంద్ర గొంతుక్కూర్చుని గొట్టంలో గుడ్డ కుక్కుతున్నాడు. పక్కన పాపన్న. మూతలోంచి మాటలు సన్నగా వినిపించాయి.

“గుడ్డ తీస్తే గుర్రం మాదిరి పోతాది పాపన్నా. మాయన్న సంతకం పెట్టేదాకా ఓపిక పట్టు. మళ్ల మంచి ధరకు అమ్ముకుని ఇద్దరం చెరిసగం.”

తమ్ముడికి అన్నం తినిపించిన చెయ్యి తుడిచే గుడ్డను పిండుతూ ఉండిపోయింది. ఇంతసేపూ తిట్టింది ఎవరిని?

మధ్యాహ్నానికి తడి పూర్తిగా ఆరాక కవరు తీసి, వైరు బిగించి, బండి స్టార్ట్ చేశాడు. పొగ లేదు. అదే సమయానికి పాపన్న, దేవేంద్ర కాగితాలతో వీధి మలుపు తిరిగారు. ఆ చప్పుడు విని దేవేంద్ర నడక మందగించింది. దగ్గరికొచ్చాక ఇంజన్ వైపు కాకుండా నురగ మరకలున్న నేల వైపు చూశాడు.

“నీళ్లు ఎందుకన్నా పోస్తివి?”

“రాప్పా. వచ్చి నీ మొగం చూసుకో.”

పాపన్న తొంగిచూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. దేవేంద్ర తలెత్తలేదు.

“నాకంటూ ఒక బండి కొనుక్కోవాలని దుడ్లు అడిగితే ఇస్తావాన్నా నువ్వు?”

“అడిగి చూసినావా?”

దేవేంద్ర కూడా పాపన్న పోయిన దారి పట్టాడు.

కుళ్ళాయప్ప ఇంజన్ ఆపాడు. మూతలో తమ్ముడు ఇంకా గుడ్డ కుక్కుతూనే ఉన్నాడు. లోపలినుంచి తల్లి గాజుల చప్పుడు దగ్గరయింది. బండిని సాగనంపడానికి పసుపు కుంకాలు తెస్తోంది. ఇంజన్ మీంచి గీకి పళ్లెంలో పెట్టిన నల్లటి జిడ్డును కుళ్ళాయప్ప గబగబా చేత్తో తీసి ఆ మూత నిండా పూసేశాడు.

“చిన్నోడు యాడ పోయినాడు?” అంది ఆంజినమ్మ.

“బండి అమ్మడం లేదమ్మా. బాగుండాది. వాడు పనిమీద పోయినాడు.”

ఆమె వంగి చూసింది. “అంతా కడిగి ఈడ మాత్రం మరిచినావే.”

“నీళ్లు చాలలేదమ్మా.”

బకెట్‌లో ఇంకా రెండు చెంబుల నీళ్లున్నాయి. ఆంజినమ్మ వాటి వంక చూసింది, జిడ్డంటిన కొడుకు చేతి వంక చూసింది. కుంకంలో వేలు ముంచి, బొట్టు సరిగ్గా ఆ మసి మీదే పెట్టింది.